మన నేత షెడ్లలో రాతినార: గుర్తించుట ఎట్లు?



గత వానకారునకు ముందు మా సంఘపు పాత గోడౌను కప్పును శుభ్రము చేయించితిమి. ఇద్దరు కూలీలు రేకులపైకెక్కి ఇనుపతీగల బ్రష్షుతో పాచిని గీకి, చీపురుతో ఊడ్చిరి. బూడిదరంగు ధూళి క్రిందనున్న పడుగు బీములపైన, మనుష్యులపైన రాలినది. పగిలిన ముక్కలతో పిల్లలు నేలపై గీతలు గీసి ఆడుకొనిరి. పని చేయించినది మేమే, తప్పు మాదే. అవి రాతినార కలిసిన రేకులని మాకు తెలియును; వాటిని గీకరాదని మాత్రము తెలియలేదు. షోలాపురములోని మన తెలుగు వాడలలో ఇట్టి కప్పుల క్రింద మగ్గములు నడుపువారు అనేకులున్నారు. కావున పిమ్మట విచారించి తెలిసికొన్నది ఇచ్చట వ్రాయుచున్నాము.

రాతినార గనులలో దొరకు ఖనిజము. దానినే ఆస్బెస్టాస్ అందురు. అది పింజవలె పోగులుగా విడిపోవును, నిప్పుకు కాలదు, వడికి నూలు తీయవచ్చును, బట్ట నేయవచ్చును. తెలుపు, గోధుమ, నీలి రకములు ముఖ్యముగా వాడుకలోనికి వచ్చినవి. సిమెంటు రేకులలో సాధారణముగా ఉండునది తెల్లనిది. దీని పోగులు కంటికి కానరానంత సన్నమై గాలిలో తేలి, ఊపిరితిత్తులలో దిగి, అక్కడనే నిలిచిపోవును. అన్ని రకములును క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఈ హాని మొట్టమొదట వైద్య పత్రికకెక్కినది మన వృత్తికి దగ్గరివారి వలననే. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణములో నెల్లీ కెర్షా అను స్త్రీ రాతినార నూలు వడకుచుండెడిది. 1924లో, 33 ఏండ్ల వయస్సున ఆమె మరణించినది. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన డాక్టరు కుక్ ఆ సంగతిని అదే సంవత్సరము ప్రకటించెను. బ్రిటను దేశము రాతినార వాడుకను పూర్తిగా మానుటకు 1999 వరకు పట్టినది.

పాత కట్టడములలో చూడవలసిన చోట్లు ఇవి:

1. కప్పుపై అలలవంటి బూడిదరంగు రేకులు. అయస్కాంతము అంటదు, తట్టిన ఇనుమువలె మ్రోగదు. "ఐ.ఎస్. 459" అను ముద్ర ఉన్నచో అది రాతినార రేకే.

2. గదుల నడుమ అడ్డుగా పెట్టిన చదును పలకలు, వాననీటి గొట్టములు, పాత సిమెంటు నీటితొట్లు.

3. అద్దకపు కార్ఖానాలలో బాయిలరునకు, ఆవిరి గొట్టములకు చుట్టిన తెల్లని పూత, త్రాడు, గుడ్డ. ఇది అన్నిటికంటె ప్రమాదకరము. మెత్తనిదగుటచే చేయి తగిలినంతనే పొడి రాలును.

4. పాత ఫ్యూజు బోర్డుల వెనుకనుండు అట్టవంటి పలకలు, గాస్కెట్లు.

కంటితో చూచి నిశ్చయముగా చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. రాతినార లేని ఫైబరు సిమెంటు రేకులును అట్లే కనబడును. సూక్ష్మదర్శినితో ప్రయోగశాలలో పరీక్షించినగాని తేలదు. అంతవరకు ఉన్నదనియే భావించి మెలగవలెను. తెలిసికొనుటకని విరిచి చూడరాదు.

ఈ మాట సభలో చెప్పగా ఒక పెద్దలు, "ఏమయ్యా సెక్రటరీ, నలుబది ఏండ్లుగా ఈ రేకుల క్రిందనే నేసితిమి, మాకేమైనది?" అనిరి. "పెద్దయ్యా, చెక్కుచెదరని రేకు పోగులను అంతగా వదలదు. కోసినను, రంధ్రము వేసినను, గీకినను వదలును. ఆ జబ్బు బయటపడుటకు ఇరువది, నలుబది ఏండ్లు పట్టును. కనుక నేడు దగ్గు లేదని రేపు రేకు కోయరాదు," అని మనవి చేసితిమి. వారు అంగీకరించిరి.

చేయవలసినది ఇది. బాగున్న రేకును కదిలించక వదలుడు. పగిలినదానిని తీయవలసి వచ్చిన, నీటితో బాగుగా తడిపి, బోల్టులు విప్పి, ముక్కలు చేయక నిండు రేకుగానే దింపుడు. మందపు పాలిథీనులో చుట్టుడు. రంపపు మిషను, పొడి చీపురు పనికిరావు. ముఖమునకు కట్టిన తువ్వాలు ఈ పోగులను ఆపదు. ఎఫ్.ఎఫ్.పి.-3 లేక పి-100 తరగతి మాస్కు కావలెను. ఆ బట్టలతో ఇంటికి పోరాదు. ముక్కలను గుంటలు పూడ్చుటకు వాడక, ఎచ్చట వేయవలెనో మునిసిపాలిటీని, కాలుష్య నియంత్రణ మండలిని అడుగుడు. బాయిలరు పూతను మాత్రము మీరై ముట్టకుడు. దాని పని తెలిసినవారిచేతనే తీయించుడు. రాతినార ధూళి పీల్చినవారు బీడీ మానవలెను. రెండును కూడినచో ఊపిరితిత్తుల క్యాన్సరు భయము అనేక రెట్లగును. డాక్టరునకు నూలు ధూళితోపాటు ఈ ధూళి సంగతియు చెప్పవలెను.

మా గోడౌనులో పగిలిన రేకులను మాత్రము మార్చుటకు, మిగిలినవాటికి రంగు పూయించుటకు సభ తీర్మానించినది. అన్నియు మార్చుటకు మా నిధి చాలదు.

రాతినార కర్మాగారములు పనివారి ఆరోగ్యపు లెక్కలను పని మొదలైననాటినుండి 40 ఏండ్లు, లేక పని మానిన పిమ్మట 15 ఏండ్లు, ఏది ఎక్కువైన అంతకాలము ఉంచవలెనని 1995లో సుప్రీముకోర్టు ఆదేశించినది. మాది కర్మాగారము కాదు. ఒక్కనాటి ధూళితో ప్రమాదము స్వల్పమే. అయినను ఆ ఇద్దరు కూలీలను పిలిచి సంగతి చెప్పితిమి. వారి పేర్లు, ఆనాటి తేదీ సంఘపు రిజిస్టరులో వ్రాసి ఉంచితిమి.