ఇసుకలో దాగిన కూర

పిల్లలూ! తొలకరికి చెదపుట్టల మీద మొలిచే పుట్టగొడుగులు మీరు చూసే ఉంటారు. ఉరుము ఉరిమితేనే అవి పుడతాయని మన పెద్దలంటారు. విచిత్రమేమిటంటే, అరబ్బు ఎడారుల్లో ఒంటెలను మేపుకునే బెదూయిన్లదీ ఇదే మాట! అయితే వారు వెదికేది గొడుగు కాదు. ఇసుకలో పూడుకుని, బంగాళాదుంపలా ఉండే ఒక శిలీంధ్రం. కువైట్‌లో దాన్ని ‘ఫగా’ అనీ, సిరియాలో ‘కమా’ అనీ అంటారు. సుమారు 3,800 ఏళ్ళ కిందట యూఫ్రటీస్ నది ఒడ్డున మారీ నగరపు రాజుకు వీటిని పంపిన సంగతి మట్టిపలకల మీద రాసి ఉంది.

దీనికి ఆకు లేదు, వేరు లేదు, పత్రహరితం లేదు. మరి నీటిచుక్కకు కరువైన ఇసుకలో ఎలా బతుకుతుంది?

జవాబు పక్కనే ఉంది. హీలియాంథెమమ్ అనే చిన్న పొద వేళ్ళను ఈ శిలీంధ్రపు దారాలు అల్లుకుంటాయి. వేళ్ళు దూరలేని సందుల్లోకి అవి దూరి, నీటినీ భాస్వరాన్నీ తెచ్చి పొదకు అందిస్తాయి. పొద తాను ఎండలో తయారుచేసిన చక్కెరలో కొంత వాటికిస్తుంది. మన పుట్టగొడుగుకు చెదపురుగులతో పొత్తయితే, ఫగాకు పొదతో పొత్తు! అక్టోబరు, నవంబరుల్లో మంచి వాన పడితే చలికాలం చివరికి ఫగా ఊరుతుంది. కనుక ఉరుము కన్నా దానితో వచ్చే వానే ముఖ్యం.

బెదూయిన్లకు పొద సంగతి ఏనాడో తెలుసు. ముందు పొదను చూస్తారు, తర్వాత నేలను. ఫగా పెరిగేకొద్దీ పైనున్న నేల కొంచెం ఉబ్బి పగుళ్ళిస్తుంది. పొద్దుటి ఏటవాలు ఎండలో ఆ ఉబ్బుకు నీడ పడుతుంది. ఆ నీడే గుర్తు. మధ్యాహ్నం వెళ్తే ఏమీ కనిపించదు.

ఫగా రసం కళ్ళకు మందని ముస్లింలు ప్రవక్త మాటగా చెప్పుకుంటారు. ఆ రసం కొన్ని బాక్టీరియాల పెరుగుదలను అణచడం ప్రయోగశాలలో గాజుపళ్ళేలలో కనిపించింది. కాని గాజుపళ్ళెం కన్ను కాదు గదా! ఏ రసాన్నీ డాక్టరు చెప్పకుండా కంట్లో వేసుకోరాదు.

మంచి ధర పలుకుతుంది కనుక దీనికోసం ప్రాణాలకు తెగించేవారున్నారు. 2011లో యుద్ధం మొదలైన సిరియాలో, కమా వెదకబోయి మందుపాతరలకు బలైనవారు ఎందరో. ఇంకోచోట మోటారు బండ్ల కింద, మితిమీరిన మేత వల్ల పొదలు నశిస్తున్నాయి. పొద పోయిన చోట ఎంత వాన కురిసినా ఫగా రాదు.

ఈ పొత్తును గమనించే స్పెయిన్‌లోని మూర్సియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు పొద మొలకల వేళ్ళకు శిలీంధ్రాన్ని ముందే పట్టించి, 1999లో పొలంలో నాటారు. ఎడారి శిలీంధ్రం తోట పంటయింది!

గల్ఫ్‌కు పనికి వెళ్ళిన బాబాయో మామయ్యో మీకుంటే, ఫిబ్రవరిలో అక్కడి బజారులో ఫగా ఏ ధర పలికిందో అడిగి చూడండి.