రెండు సూదులు, ఒక టైపురైటరు

పిల్లలూ, మన మంత్రాలయంలో స్వెట్టరు అవసరం సంవత్సరానికి యెన్నాళ్లు వుంటుంది? మార్గశిరం, పుష్యం, అంతే. ఆ నెలల్లో తెల్లవారుజామున తుంగభద్రలో స్నానానికి దిగే యాత్రికుల పళ్లు టకటక కొట్టుకుంటాయి. కాస్త యెండ యెక్కిందంటే స్వెట్టరు విప్పి చంకన పెట్టుకోవలసిందే. అందుచేత మన వైపు ఊలు అల్లేవాళ్లు తక్కువ. అయినా ఈ నెల మీకు ఊలు అల్లే ఒక ఆమె సంగతి చెబుతాను. ఆమె ఊలు మాత్రమే అల్లి వూరుకోలేదు. వందకు పైగా నవలలు కూడా వ్రాసింది. ఆ నవలలు అన్నీ కలిసి 20 కోట్ల ప్రతులకు మించి అచ్చయినాయి. ఇన్ని వ్రాసిన ఆ మనిషి మూడో తరగతిలో వుండగా, ఈ పిల్లకు చదువు బాగా వచ్చే ఆశ లేదని టీచరు వాళ్లమ్మతో తేల్చి చెప్పింది!

ఆమె పేరు డెబ్బీ మకోంబర్. 1948 అక్టోబరు 22న అమెరికాలో యాకిమా అనే వూళ్లో పుట్టింది. ఆ వూరు వాషింగ్టన్ రాష్ట్రంలో వుంది. అమెరికా రాజధాని పేరు కూడా వాషింగ్టనే గాని, అది తూర్పున వుంది, ఈ రాష్ట్రం పడమటి కొసన వుంది. యాకిమా సంగతి వింటే మీకు మన సీమ గుర్తుకు వస్తుంది. సముద్రం మీదినుంచి వచ్చే మబ్బులను కాస్కేడ్ పర్వతాలు అడ్డగించి, వాన అంతా తమ పడమటి వాలు మీదనే కురిపించుకుంటాయి. ఇవతలి పక్క వున్న యాకిమాకు సంవత్సరానికి సుమారు 8 అంగుళాల వాన మాత్రమే మిగులుతుంది. పడమటి కనుమలు మనకు చేసే పని కూడా ఇటువంటిదే. కాని మనకు పడే వాన వాళ్లకన్న మూడింతలు! వాళ్లు నది నీళ్లు కాలవల ద్వారా పారించి ఆపిల్ తోటలు పెంచుతారు. ఒక్క తేడా యేమిటంటే, అక్కడ చలికాలంలో మంచు కురుస్తుంది. కాబట్టి స్వెట్టరు అక్కడ సోకు కోసం కాదు.

డెబ్బీకి బడిలో అక్షరాలు లొంగలేదు. తోటి పిల్లలు గడగడ చదివేస్తూవుంటే ఆమె ఒక్కొక్క మాట దగ్గర ఆగిపోయేది. పదేళ్లు వచ్చేదాకా ఆమెకు చదవడం సరిగా పట్టుబడలేదు. దీనికి కారణం బద్ధకం కాదు, తెలివి తక్కువా కాదు. దీనిని డిస్లెక్సియా అంటారు. కన్ను అక్షరాన్ని చక్కగానే చూస్తుంది, చెవి మాటను చక్కగానే వింటుంది. కాని ఏ అక్షరానికి ఏ ధ్వనో జతపరిచే పని మెదడులో కష్టంగా, ఆలస్యంగా జరుగుతుంది. మీకు "పద్ధతి" అనే మాట చూడగానే నోటికి వచ్చేస్తుంది గదా? డిస్లెక్సియా వున్న పిల్లవాడు "ప" దగ్గర ఆగి, అది "ప" యో "వ" యో తేల్చుకొని, కింద వున్న ఒత్తు యేమిటో చూచుకొని, ఆ తరవాత గుడి సంగతి ఆలోచించుకోవాలి. అంతలో పక్క పిల్లలు నవ్వుతారు. నవ్వగానే తేల్చుకున్నది కూడా మరిచిపోతాడు.

పెద్దవాళ్లు ఈ మాట శ్రద్ధగా వినాలి. నేను పాఠాలు చెప్పిన ఏళ్లలో ఇటువంటి పిల్లలు లేని తరగతి నాకు తగలలేదు. కోసిగి, మాధవరం వైపు నుంచి వచ్చే కురువల పిల్లవాడు ఒకడు వుండేవాడు. మందలో వున్న గొర్రెలన్నిటినీ విడివిడిగా గుర్తుపట్టి, ఏది యెవరిదో చెప్పేవాడు. వాచకం చేతికిస్తే చెమటలు పట్టేవి. అటువంటి వాణ్ణి మొద్దు అన్నవాళ్లే మొద్దులని నా అభిప్రాయం. అక్షరాన్నీ ధ్వనినీ కలిపి, వరుసగా, ఓపికగా, చిన్న చిన్న ముక్కలుగా నేర్పితే ఇటువంటి పిల్లలు చదువుతారు, ఆలస్యంగానైనా చదువుతారు. 2007లో వచ్చిన "తారే జమీన్ పర్" అనే హిందీ సినిమా ఈ కథే. మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఇటువంటి చదువు ఇబ్బందులను కూడా లెక్కలోకి తీసుకొన్నది. పరీక్షలో అదనపు సమయం వంటి సౌకర్యాలు అడగవచ్చు. డెబ్బీ చిన్నప్పుడు ఇవేమీ లేవు. ఆ జబ్బు పేరు—జబ్బు అనడం కూడా తప్పే—ఆ తీరు పేరు కూడా చాలామంది టీచర్లకు తెలియదు.

కాని ఆమె చేతులకు ఏ ఇబ్బందీ లేదు. చిన్నతనంలోనే రెండు సూదులు పట్టి ఊలు అల్లడం నేర్చుకొన్నది.

అల్లిక అంటే యేమిటో ఇక్కడ కాస్త చెప్పాలి. మన కురువలు నేసే కంబళి అల్లిక కాదు, నేత. గొర్రెబొచ్చు యేకి, నూలు వడికి, మగ్గం మీద నిలువుగా పడుగు, అడ్డంగా పేక పోసి నేస్తారు. చింతగింజల గంజి పెట్టి బిగువు తెస్తారు. కంబళి సాగదు. నరసాపురం లేసు వుంది చూడండి—2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది—అది కొక్కెం వున్న ఒకే సూదితో, ఒక్కొక్క ఉచ్చుగా అల్లే పని. స్వెట్టరు వేరు. దానికి రెండు సూదులు. ఒక సూది మీద వరుసగా ఉచ్చులు వుంటాయి. రెండో సూదితో ఒక్కొక్క ఉచ్చులోనుంచి దారాన్ని కొత్త ఉచ్చుగా లాగి, పాతదాన్ని వదిలేస్తారు. దారం పనికి వెనుకగా వుంచి లాగితే ఒక రకం కుట్టు, ముందు వుంచి లాగితే ఇంకొక రకం. మొదటిదానిని నిట్ అనీ, రెండోదానిని పర్ల్ అనీ అంటారు. ప్రపంచంలో వున్న స్వెట్టర్ల మీది పువ్వులూ, జడలూ, గళ్లూ చాలావరకు ఈ రెండు కుట్లనే అటూ ఇటూ మార్చి పుట్టించినవే.

ఇది మీరు ఇంట్లోనే చూడవచ్చు. నాన్నగారి బనియనూ, చొక్కా తీసుకొని భూతద్దం కింద పెట్టండి. చొక్కాలో దారాలు మంచం నులకలాగా అడ్డం నిలువు పోతాయి. బనియనులో చిన్న చిన్న బాణపు మొనలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనబడతాయి. అది అల్లిక. తిరుపూరులో యంత్రాలు ఆ పని చేస్తాయి. మేజోళ్లు అల్లే మొదటి యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన 1589లోనే తయారుచేశాడు. ఉచ్చులు వంగి, సాగి, మళ్లీ దగ్గరపడతాయి గనకనే బనియను వొంటికి పట్టివుంటుంది.

ఊలు వెచ్చగా యెందుకు వుంటుందంటే, అది వేడిని పుట్టించి కాదు. గొర్రెబొచ్చు మన జుట్టులాగానే కెరాటిన్ అనే పదార్థంతో అయినది. కాని ముడతలు ముడతలుగా వంకర తిరిగి వుంటుంది. ఆ వంకరల నడుమ గాలి చిక్కుకుపోతుంది. కదలని గాలి వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. మన వొంటి వేడే మనకు తిరిగి మిగులుతుందన్నమాట.

అల్లికకు ఇంకొక గుణం వుంది. తప్పు కుట్టు పడితే దారం కొస పట్టి లాగండి. కుట్టు వెంట కుట్టు ఊడివచ్చి, వరుసలు వరుసలే మళ్లీ దారమవుతాయి. దారానికి యేమీ కాదు. ఉండకు చుట్టుకొని మళ్లీ అల్లుకోవచ్చు. యెర్ర సిరాతో కొట్టివేసిన కాపీ పుస్తకంలో ఈ సదుపాయం లేదు!

డెబ్బీ హైస్కూలుతో చదువు ఆపింది. చిన్న వయసులోనే పెళ్లయింది, భర్త ఎలక్ట్రీషియను. నలుగురు పిల్లలు. కథలు చెప్పాలనే కోరిక మాత్రం ఆమెకు యెప్పటినుంచో వుంది. ఇవాళ కాదు, రేపు అనుకుంటూ వాయిదా వేసింది. అంతలో ఆమె దగ్గరి బంధువు, దాయాది వరస అయిన యువకుడు, రక్తపు క్యాన్సరుతో చనిపోయినాడు. రేపు అనేది అందరికీ వుండదని అప్పుడు తట్టింది. ఒక టైపురైటరు అద్దెకు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. పిల్లలు బడికి పోగానే వ్రాసేది. భోజనం వేళకు టైపురైటరు తీసి బల్ల ఖాళీ చేసేది.

అయిదేళ్లు పంపినవన్నీ తిరిగి వచ్చాయి. నడుమ ఇంటి ఖర్చులు గడవక, నువ్వు కూడా ఏదైనా వుద్యోగం చూసుకోవలసిందేనని భర్త చెప్పాడు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. వుద్యోగమూ, ఇల్లూ, నలుగురు పిల్లలూ అయితే ఇక వ్రాత యెక్కడ? ఆమె మెలకువగా వున్నదని తెలుసుకొని భర్త లేచాడు. సంగతి విని, ఎలాగో గడుపుకొందాం, నువ్వు వ్రాయి, అన్నాడు. ఆ ఇంట్లో డబ్బు యెంత కటకటగా వుండేదో తెలియాలంటే ఇంకొక సంగతి చెప్పాలి. రచయితల సభలో ఒక సంపాదకురాలు ఆమె నవలను చూచి, ఇది పారవెయ్యమని సలహా ఇచ్చింది. డెబ్బీ పారవెయ్యలేదు. 10 డాలర్లు యెలాగో కూడబెట్టి, దానినే ఇంకొక ప్రచురణ సంస్థకు పోస్టు చేసింది. వాళ్లు కొన్నారు! 1983 నుంచి ఆమె పుస్తకాలు వరుసగా అచ్చవుతూ వచ్చాయి. స్పెల్లింగులు మాత్రం ఆమెకు యిప్పటికీ సరిగా రావట. వాటిని దిద్దేవాళ్లు వేరే వుంటారు గదా.

నవలలు వ్రాసేవాళ్లంటే తోటలో కూర్చుని, ఆకాశం వంక చూస్తూ, మనసు పుట్టినప్పుడు వ్రాసేవాళ్లని చాలామంది అనుకుంటారు. డెబ్బీ దినచర్య చూస్తే మన రైతు దినచర్యలాగా వుంటుంది. తెల్లవారకముందే, నాలుగు గంటల ప్రాంతంలో లేవడం, కాసేపు ప్రార్థన, డైరీ వ్రాత, ఈత, ఆ తరవాత ఆఫీసుకు పోయినట్టే పోయి వ్రాతబల్ల దగ్గర కూర్చోవడం. సూదులూ ఊలూ సాయంత్రానికి, ప్రయాణాలకు.

చేతులు అల్లుతుంటే కళ్లూ చెవులూ ఖాళీగా వుంటాయి. మఠం దగ్గర పూలు కట్టే అవ్వలను చూడండి. చేతివంక చూడనే చూడరు. వచ్చేపోయే వాళ్లందరి సంగతులూ వాళ్ల చెవిలో పడుతూనే వుంటాయి. అగాథా క్రిస్టీ అనే ఇంగ్లీషు రచయిత్రి ఈ కిటుకు కనిపెట్టి, మిస్ మార్పుల్ అనే ముసలి ఆమెను సృష్టించింది. ఆ ముసలామె మూలన కూర్చుని అల్లుకుంటూ, అందరి మాటలూ విని, హంతకులను పట్టేస్తుంది. ఆమె మొదటి నవల 1930లో వచ్చింది.

డెబ్బీ తన అల్లికను తన నవలలోకే తెచ్చింది. 2004లో వచ్చిన "ది షాప్ ఆన్ బ్లాసమ్ స్ట్రీట్" నవలలో లిడియా అనే అమ్మాయికి రెండుసార్లు క్యాన్సరు వచ్చి నయమవుతుంది. ఆమె సియాటిల్ నగరంలో ఊలు దుకాణం తెరిచి, చంటిపిల్లల దుప్పటి అల్లడం నేర్పుతానంటుంది. ముగ్గురు వస్తారు. ఒకామెకు కోడలంటే గిట్టదు. ఒకామెకు సంతానం లేదు. మూడో పిల్ల కోర్టు వేసిన శిక్ష తీర్చుకోవడానికి వస్తుంది. బయట వీళ్లు ఒకరికొకరు పలకరించుకొనేవాళ్లు కూడా కారు. ఇక్కడ ఒకే బల్ల చుట్టూ ఒకే దుప్పటి అల్లవలసి వచ్చింది. పాఠకులు కూడా అల్లుకోవాలని దుప్పటి నమూనా ఆ పుస్తకంలోనే ఇచ్చారు. ఈ వరుసలో తరవాతి నవల పేరు "ఎ గుడ్ యార్న్". ఇంగ్లీషులో యార్న్ అంటే నూలు అనీ అర్థం, కథ అనీ అర్థం! తరవాత తాను వుండే పోర్ట్ ఆర్చర్డ్ పట్టణంలో నిజంగానే ఊలు దుకాణం తెరిచి, దానికి ఆ పేరే పెట్టింది.

చలికి వణికే పిల్లలకు స్వెట్టర్లు అల్లి పంపే పనికి కూడా డెబ్బీ తన పేరు ఇచ్చింది. "వార్మ్ అప్ అమెరికా" అనే మరొక సంస్థ పాలకవర్గంలో పనిచేసింది. ఆ సంస్థను 1991లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఊలు దుకాణం నడిపే ఈవీ రోజెన్ అనే ఆవిడ ప్రారంభించింది. ఆవిడ ఆలోచన లెక్కల మేష్టరునైన నాకు యెంతో నచ్చింది. దుప్పటి మొత్తం ఒకరే అల్లాలంటే నెలలు పడుతుంది; చాలామంది మధ్యలో వదిలేస్తారు. అందుచేత ఒక్కొక్కరు 7 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవు వున్న ఒక్క ముక్క అల్లితే చాలు. అటువంటివి 49 పోగుచేసి, వరుసకు 7 చొప్పున 7 వరుసలు కలిపి కుడితే ఒక దుప్పటి. ఎంత వెడల్పు, ఎంత పొడవు వస్తుందో ముందు మీరు కట్టండి, తరవాత కింది వాక్యం చదవండి.

49 అంగుళాలు, 63 అంగుళాలు. అంటే సుమారు 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల 3 అంగుళాల పొడవు. ఒక మనిషికి సరిపోతుంది.

ఇంట్లో అల్లిక తెలిసిన వాళ్లు వుంటే ఒక ముక్క అల్లి చూడండి. సూదులు కొనకపోయినా ఫరవాలేదు. పాత సైకిలు చువ్వలు రెండు తీసుకొని, కొసలు రాతి మీద నున్నగా అరగదీయించండి. ఈ పని పెద్దవాళ్లు చెయ్యాలి. ఒక్క హెచ్చరిక. మొదటి ముక్క 7 అంగుళాలతో మొదలై, పైకి పోయేసరికి 10 అంగుళాలై కూర్చుంటుంది. తెలియకుండా కుట్లు పెరిగిపోయినాయన్నమాట. వరుస ముగిసినప్పుడల్లా సూది మీది కుట్లు లెక్కపెట్టండి. లెక్క తప్పితే ఆ వరుస విప్పి, దారం ఉండకు చుట్టి, మళ్లీ అల్లండి.