గళ్ళ కాగితము – ఆసు యంత్రము

నేడు పలువురు స్వర్ణకారులు ఆభరణముల నమూనాలను కంప్యూటరుపై గీయుచున్నారు. తెరపైని హారమును ఏ వైపునకైనను త్రిప్పి చూడవచ్చును. దానికెంత బంగారము పట్టునో పోత పోయకమునుపే లెక్క కట్టవచ్చును. ఆ బొమ్మను అనుసరించి ఒక యంత్రము మైనపు అచ్చును పొరపొరగా నిర్మించును. అచ్చు చుట్టును సుద్దవంటి ముద్దను పోసి, గట్టిపడిన పిదప కాల్చినచో మైనము కరగిపోవును. ఆ ఖాళీలో కరగిన బంగారమును పోయుదురు. మైనపు పోత మన శిల్పులకు అనాదిగా తెలిసినదే. క్రొత్తది గీయు విధము మాత్రమే.

అయితే తెరపైని బొమ్మ చీరపైకి దిగుట ఇంత సులభము కాదు. పోచంపల్లి, పుట్టపాక గ్రామములు పూర్వము నల్లగొండ జిల్లాలోనివి. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నవి. అచ్చటి నేతపనివారు బట్ట నేసిన తరువాత రంగులద్దరు. నేయుటకు ముందే నూలుకు రంగులు పట్టింతురు. ఈ పనితనమునకుగాను పోచంపల్లి ఇక్కత్తుకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది.

మొదట గళ్ళ కాగితముపై పువ్వునో, చిలుకనో, ఏనుగునో గీయుదురు. ఒక్కొక్క గడి కొన్ని పోగులకు గుర్తు. ఇప్పుడీ గళ్ళను కంప్యూటరుపై నింపుటయు కలదు. రంగు మార్చి చూచుటకు కాగితము చింపనక్కరలేదు. కాని మైనపు అచ్చువలె చీరను అచ్చుతీయు యంత్రమేదియు అచ్చట లేదు. గడిలో ఉన్న రంగు పోగుపైకి చేరవలెనన్నచో, రంగు సోకరాని చోటునెల్ల రబ్బరు పట్టీలతో గట్టిగా చుట్టి ముడివేసి, నూలును రంగులో ముంచవలెను. మరియొక రంగు కావలెనన్న మరల కట్టులు, మరల ముంచుట. పోగు వెంట్రుకవాసి జరిగినను చిలుక ముక్కు చెదరును.

కట్టులు కట్టుటకు ముందు పేక నూలును ఆసు పోయవలెను. ఆసు అనగా ఒక వైపున ఒక మేకును, ఎదుట అర్ధచంద్రాకారముగా అనేకములైన మేకులును గల చట్రము. పోగును ఇటునుండి అటునకు, అటునుండి ఇటునకు చేతితో త్రిప్పుచు పోవలెను. ఒక్క చీరకు సుమారు 9,000 పర్యాయములు చేయి కదలవలెను. విద్యార్థి ఒకసారి చేయి చాపి ముడుచుచు నూరు వరకు లెక్కించి చూచినచో ఈ శ్రమ కొంత బోధపడును. ఈ పని ఇండ్లలో స్త్రీల పాలబడినది. దినమునకు రెండు చీరలకు ఆసు పోసిన తల్లులకు రాత్రి భుజములు ఆడకపోవుట సామాన్యము.

ఆలేరు మండలములోని శారాజీపేటలో లక్ష్మి అను నేతకుటుంబపు ఇల్లాలు ఇట్టి బాధనే అనుభవించెను. ఆమె కుమారుడు చింతకింది మల్లేశం బడి చదువు మధ్యలో మాని మగ్గమునకు చేరినవాడు. తల్లి బాధను చూడలేక 1992లో ఆసు పోయు యంత్రమును చేయ పూనుకొనెను. ఇంజనీరు కాడు, చేతిలో ధనమును లేదు. చట్రము కుదిరిన చోట మేకు కుదరదు. మేకు కుదిరిన చోట పోగు తెగును. అప్పులు పెరిగినవి. ఎగతాళి చేసినవారును కలరు. హైదరాబాదు చేరి విద్యుత్తు పనులు చేయుచుండగా, బాలానగరులో ఒక యంత్రపు కదలిక ఆయన కంటబడినది. తనకు చిక్కని కిటుకు అదియే! 1999లో యంత్రము పూర్తియైనది. చేతితో నాలుగైదు గంటలు పట్టు పని దానిచే గంటన్నరలో ముగియుచుండెను. తల్లి పేరిట దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరిడెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నొసగినది.

ఆ యంత్రము ఆసు మాత్రమే పోయును. అటుపిమ్మట గళ్ళు లెక్కించుట, గురుతులు పెట్టుట, కట్టులు కట్టుట, రంగులో ముంచుట చేతిపనులే. గీత కాగితముపై ఉన్నను, తెరపై ఉన్నను, కట్టులు విప్పి పేకను మగ్గముపై పడుగులోనికి నడిపిన పిదపగాని చిలుక ముక్కు నిలిచినదో, చెదరినదో తెలియదు.