పెట్రోలు పొదుపు చేయు కారు

ఒకటి రెండేండ్లు తిరిగిన కారు కొనదలచిన వారిని హైబ్రిడ్ బండి ఆకర్షించుట సహజమే. బ్రేకు వేసినప్పుడు వేడిగా మారి వృథాయగు గతిశక్తిలో కొంత భాగమును దానిలోని మోటారు విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి చేర్చును. బ్రేకు వేసిననే గదా ఆ శక్తి దక్కుట! గుడివాడ బజారులో ఆగి ఆగి సాగు బండికి ఈ లాభము హెచ్చు. దివిసీమలోని అవనిగడ్డనుండి బందరుకు చదునైన బాటపై ఒకే వేగముతో పోవు బండికి తక్కువ.

లీటరుకు 16 కిలోమీటర్లకు బదులు 24 వచ్చుననుకొందము. ఏటికి 6,000 కిలోమీటర్లు తిరుగు ఉపాధ్యాయునికి 125 లీటర్లు మిగులును. లీటరు 110 రూపాయల చొప్పున 13,750 రూపాయలు. అదనముగా ఇచ్చిన ధర లక్షన్నరయైనచో అది తిరిగి వచ్చుటకు దాదాపు 11 ఏండ్లు పట్టును. ఏటికి 30,000 కిలోమీటర్లు తిరుగు టాక్సీకి రెండేండ్ల పైచిలుకు చాలును. బ్యాటరీకి హామీ ఇంకెన్నాళ్లున్నదో అమ్మువానిని ముందే అడుగవలెను.