రెండు డిగ్రీల తేడా

ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే దారిలోని తల్లాడలో ఒక పాప టెన్నిస్ నేర్చుకుంటానంటే, సిమెంటు కోర్టు లేదని ఆగనక్కర్లేదు. ఒక గట్టి గోడ, రాకెట్, బంతి ఉంటే పాఠం మొదలైనట్టే. సానియా మీర్జా హైదరాబాదులో ఆరేళ్ల వయసులో రాకెట్ పట్టారు. అప్పట్లో ఆడింది పేడతో అలికిన కోర్టుల మీద. 2005లో అదే హైదరాబాదులో గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళ అయ్యారు.

ఆమె ఫోర్‌హ్యాండ్ వేగం చూసి కొత్తవాళ్లు మొదటి రోజు నుంచే బలంకొద్దీ బాదుతారు. బంతి వలకైనా తగులుతుంది, గీత దాటైనా పడుతుంది. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

కోర్టు పొడవు 23.77 మీటర్లు. నడుమ వల ఎత్తు 91.4 సెంటీమీటర్లు. ఒక చివర నిలబడి, మీటరు ఎత్తులో ఉన్న బంతిని గంటకు 108 కిలోమీటర్ల వేగంతో కొట్టామనుకోండి. గాలి ప్రభావాన్ని కాసేపు పక్కన పెడదాం. నేలకు సమాంతరంగా కొడితే వలకు తగులుతుంది. 5 డిగ్రీలు పైకి కొడితే అవతలి గీత దగ్గర పడుతుంది. 7 డిగ్రీలైతే దాదాపు 5 మీటర్లు బయట! వేగం పెరిగేకొద్దీ తప్పుకు చోటు తగ్గిపోతుంది.

ఆ చోటును పెంచేదే టాప్‌స్పిన్. గోడకు సున్నం వేసేటప్పుడు బ్రష్‌ను కింద నుంచి పైకి లాగినట్టు, రాకెట్‌ను బంతి వెనక పైకి లాగాలి. బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరుగుతూ వెళ్తుంది. దాని మీది నూగు గాలిని పట్టి, వెనక వైపు పైకి మళ్లిస్తుంది. గాలి పైకి నెట్టబడితే బంతి కిందికి నెట్టబడుతుంది. ఇదే మాగ్నస్ ప్రభావం. అందుకే వల మీదుగా బాగా ఎత్తులో వెళ్లిన బంతి కూడా వంగి కోర్టులోనే దిగుతుంది.

బంతి రాకెట్ తీగలను తాకి ఉండేది సెకనులో సుమారు 200వ వంతు సేపే. ఆ క్షణంలో దిద్దుకోవడం ఎవరివల్లా కాదు. రాకెట్ ముఖం, చెయ్యి కదిలే దారి అంతకుముందే కుదరాలి. సాధన అంటే దీన్ని చేతికి అలవాటు చేయడమే.

గోడ మీద 91 సెంటీమీటర్ల ఎత్తులో సుద్దగీత గీయండి. బంతి చుట్టూ మార్కర్‌తో నల్లటి పట్టీ వేయండి. పట్టీ నిలువుగా ఉండేలా పట్టుకుని వదిలి, నేల మీద పడి లేచాక మెల్లగా గీతకు పైన తగిలేలా కొట్టండి. గోడ వైపు వెళ్తున్నప్పుడు పట్టీ నిలువు గీతలా కనిపిస్తే తిప్పు సరిగ్గా పడినట్టు. అటూ ఇటూ ఊగితే రాకెట్ పక్కకు జారినట్టు. వరసగా 20 సార్లు కుదిరాక ఒక అడుగు వెనక్కి జరగండి. వేగం ఆ తర్వాత పెంచుకోవచ్చు.

తోడుగా ఆడేవాళ్లు దొరికాక ఇంకొకటి నేర్వాలి. వాళ్లు బంతిని కొట్టే క్షణానికి మీరు చిన్నగా ఎగిరి పాదాల ముందు భాగం మీద దిగాలి. అప్పటికే బిగిసిన పిక్కలు ఎటు కావాలంటే అటు వెంటనే తోస్తాయి.

ఈ నేర్పుల్లో ఏదీ డబ్బుతో కొనేది కాదు. గోడ మీది సుద్దగీతకు పైన బంతి మచ్చలన్నీ ఒకేచోట గుంపుగా చేరుతున్నాయంటే, తల్లాడ పాపకు ఆ రెండు డిగ్రీలు చేతికి వచ్చినట్టే.