టైపుయంత్రములో అంకెల వరుస

లెక్కలు వ్రాయుచో ఒకట్ల క్రింద ఒకట్లు, పదుల క్రింద పదులు పడవలెను. ఒక అంకె ఒక్క స్థానము ప్రక్కకు జరిగినచో పది రూపాయలు నూరగును. విద్యుత్ టైపుయంత్రమున ఈ వరుసకు తోడ్పడునది టాబ్ మీట.

అమెరికాలో 1961వ సంవత్సరమున ఐ.బి.ఎం. వారు వెలువరించిన సెలెక్ట్రిక్ యంత్రమును చూతము. పాత యంత్రములందు కాగితమును మోయు బండి ప్రక్కకు జరుగుచుండెడిది. ఇందు కాగితము ప్రక్కకు జరుగదు. అక్షరములు పోతపోసిన గుండును మోయు చిన్న బండియే ఎడమనుండి కుడికి సాగును. దానిని కుడికి లాగునది మోటారు గాదు, చుట్టియున్న స్ప్రింగు. రంపమువంటి పళ్లపట్టెలో దిగియున్న యొక ఉక్కునాలుక బండిని పట్టియుంచును. అక్షరము పడినప్పుడెల్ల నాలుక ఒక పన్ను విడిచి మరియొక పంటిని పట్టును.

టాబ్ మీట నొక్కగనే ఆ నాలుక పంటినుండి తొలగి, అట్లే నిలుచును. పలుపు విప్పిన దూడవలె బండి పరుగిడును. ఆ పరుగు మితిమీరకుండ అదుపు చేయు ఏర్పాటును కలదు. వెనుకనున్న కడ్డీపై ప్రతి స్థానమునకును ఒక చిన్న రేకు గలదు. టైపు చేయువారు ముందుగా నిలిపియుంచిన రేకునకు బండిపైని ముక్క తగిలినంతనే నాలుక విడుదలయై పంటిలో దిగును. రేకే బండిని ఆపునని తోచునుగాని, అది సైగ మాత్రమే. సరిగా నిలుపునది పన్ను. పంక్తి ముగిసినపిదప మోటారు బండిని ఎడమకు లాగుచు, సడలిన స్ప్రింగును మరల చుట్టును.

అయితే ఈ మీటకు అంకెల విలువ తెలియదు. మూడంకెల సంఖ్య క్రింద రెండంకెల సంఖ్య వచ్చినచో, ముందొక ఖాళీ విడుచుట టైపు చేయువాని పనియే.