ఆటస్థలమూ తర్బియత్ స్థలమే

 

సత్యం పలకమని, కోపాన్ని దిగమింగమని, బలహీనుణ్ణి ఆదుకోమని మనం పిల్లలకు తరచుగా బోధిస్తుంటాము. కాని ఆ గుణాలను సాధన చేసే చోటు వారికి చూపుతున్నామా? గదిలో ఒంటరిగా ఫోనులో ఆడే బాలుడు ఓడితే మళ్ళీ మొదలుపెట్టుకుంటాడు. ఎవరికీ జవాబు చెప్పుకోవలసిన పని లేదు. పదిమందితో కలసి ఆడే ఆట అటువంటిది కాదు.

అస్లమ్ తెగవారు కొందరు విలువిద్యలో పోటీపడుతుండగా దైవప్రవక్త (సఅసం) అటుగా వచ్చారు. వారిని ప్రోత్సహిస్తూ, తాను ఫలానా పక్షం వైపు ఉన్నానన్నారు. రెండో పక్షంవారు వెంటనే బాణాలు వేయడం ఆపివేశారు. ప్రవక్తే ఎదుటి పక్షాన ఉంటే తామెలా పోటీపడగలమన్నది వారి సంకటం. అప్పుడాయన తాను అందరితోనూ ఉన్నానని చెప్పి పోటీని కొనసాగించమన్నారు. సలమా బిన్ అక్వా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. ఆట చూసే పెద్దలు ఎలా మసలుకోవాలో ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? గుర్రపు పందేలలో సైతం ఆయన శిక్షణ పొందిన గుర్రాలకు ఒక దూరాన్ని, పొందనివాటికి మరొక దూరాన్ని నిర్ణయించారు.

మన ఊళ్ళలో ఆడే చెడుగుడునే చూడండి. కూతకు వెళ్ళినవాడు ప్రత్యర్థిని తాకి క్షేమంగా గీత చేరితే, అంతకుముందు అవుటై బయట కూర్చున్న సహచరుడు తిరిగి బరిలోకి వస్తాడు. ఒకని శ్రమ మరొకణ్ణి నిలబెడుతుంది. రిఫరీ లేని వీధి ఆటలో వేలికొన తగిలిందో లేదో ఒక్కోసారి ఆ ఆటగానికీ అల్లాహ్‌కూ మాత్రమే తెలుస్తుంది. అటువంటప్పుడు చేయెత్తి తానే బయటకు నడిచే బాలుడు నిజాయితీని ఆచరణలో నేర్చుకున్నట్లే. ఖోఖోలో తరిమేవాడు, తాను అందుకోలేనని గ్రహించగానే కూర్చున్న సహచరునికి ఖో ఇచ్చి, అతని స్థానంలో తాను కూర్చోవాలి. నేనే పట్టాలన్న పంతం జట్టును ముంచుతుంది. మస్జిదు కమిటీలలో ఏళ్ళ తరబడి కదలక కూర్చున్న మాబోటివారికి కూడా ఈ ఆట కొంత అవసరమేమో!

ఇక ఓటమి. ప్రవక్త (సఅసం) ఒంటె అద్బాను ఏ ఒంటే దాటిపోయేది కాదు. ఒకనాడు ఒక ఎడారివాసి ఒంటె దానిని ఓడించగా సహాబాలకు కష్టం తోచింది. ఆయన మాత్రం కినుక వహించలేదు. లోకంలో పైకి లేచిన దేనినైనా అల్లాహ్ కిందికి దించక మానడని వారికి బోధించారు. మన పిల్లవాడు ఓడి వచ్చిన సాయంత్రం మనమేమంటున్నాము? అంపైరును నిందిస్తాము, లేదా వాణ్ణే ఎగతాళి చేస్తాము.

పందెం డబ్బు కట్టిన ఆట జూదమే. దివ్యఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 90వ వాక్యం దానిని నిషేధించింది.

మన మొహల్లాలో జట్లు ఎంచుకునేటప్పుడు చిట్టచివరికి మిగిలిపోయే బాలుడు ఒకడుంటాడు. తల వంచుకుని నిలబడిన ఆ పిల్లవాణ్ణి చూసి నవ్వినవారిలో పెద్దలమైన మేమూ ఉన్నాము. రానున్న ఆదివారం అస్ర్ నమాజు తరువాత మనలో ఇద్దరు ముగ్గురు మైదానానికి వెళ్దాము. జట్టును ఎంచుకునే అవకాశం మొదట ఆ బాలుడికే ఇద్దాము. మగ్రిబ్ అజాన్ వినబడగానే ఆట ఆపించి, గెలిచినవారినీ ఓడినవారినీ వుజూ కుళాయిల వద్దకు వెంటబెట్టుకుని వద్దాము.